వంకర పిడి

ఈ ఊళ్లో అందరూ అందర్నీ ‘డక్’ అంటారు.
మొదటి వారం నన్ను బాతన్నారని అలిగాను.
రెండో ఏడాదికి ఆ మాట వినకపోతే
టీ చప్పగా అనిపించేది.

స్టోక్ కుండల ఊరు.
లాంగ్టన్ పేటలో, సీసా మెడ లాంటి పాత ఇటుక ఆవం వెనకాల
మా డిజైన్ గది. పదకొండు మంది.
ముప్ఫై నాలుగేళ్లకే నన్ను వాళ్లకి పెద్దగా కూచోబెట్టారు.
నా గీత వంకర పోదు.
మనుషుల పక్కన కూడా స్కేలు పెట్టి చూసేదాన్ని.
కుమ్మరి ఆవంలో ఇత్తడి చెంబు వెతికేదాన్ని,
దొరక్కపోతే మట్టిని తిట్టేదాన్ని.

శుక్రవారం మూడింటికి పరీక్ష.
ఎవరు చేసింది వాళ్లు బల్ల మీద పెట్టాలి.
కీరన్ ఒక కప్పు పెట్టాడు.
పంతొమ్మిదేళ్లవాడు, మోచేతుల దాకా తెల్ల మట్టి.
పిడి పక్కకి ఒరిగి, వెడల్పుగా, పైన ఒక గుంటతో.
“పిడా ఇది, కందిరీగ కుట్టిన చెవా?” అన్నాను.
అందరూ నవ్వారు. కీరన్ కూడా నవ్వాడు,
చెవులు మాత్రం కందిపోయాయి.
సోమవారం రాలేదు.

కుమ్మరికి ఒక ఏడు, గుదియకి ఒక పెట్టు.
ఈ సామెత చిన్నప్పట్నుంచీ తెలుసు నాకు.
అందులో నేను కుమ్మరిననే అనుకున్నాను.

బెరిల్ ఏమీ అనలేదు.
నలభై ఏళ్లుగా కప్పుల అంచుకి బంగారు గీత తిప్పుతున్న మనిషి,
గీత మొదలూ చివరా కలిసేదాకా ఊపిరి వదలదు.
ఆ కప్పుని కాల్పించి, మెరుగు పెట్టించి
నా కిటికీ గట్టు మీద ఉంచింది, అంతే.
నేను అందులో పెన్సిళ్లు వేసుకున్నాను.

మూడేళ్లు.

ఒక మార్చిలో, మంచు కరిగీ కరగని మెట్ల మీద జారి
కుడి మణికట్టు విరిగింది.
కట్టులోంచి వేళ్ల కొసలే బయటికి, అవీ వాచి.
గదిలో ఏ కప్పూ నా మాట వినలేదు.
అన్నీ నేను గీసినవే,
సన్నటి పిడులు, రెండింటికి బహుమతులు కూడా.
చివరికి పెన్సిళ్లు ఒలకబోసి, కడిగి,
ఆ వంకర పిడిలోకి వేళ్లు దూర్చాను.
గుంటలో బొటనవేలు వచ్చి కూచుంది,
తన పీట తనకి తెలిసినట్టు.

“వాళ్ల నాన్నమ్మకి చేశాడు,” అంది బెరిల్, కుంచె ఎత్తకుండానే.
“వేళ్లు ముడుచుకోవు ఆవిడకి.
అడిగుంటే చెప్పేవాడే.”

ఫెంటన్‌లో, గోదాము బయట పట్టుకున్నాను వాణ్ణి.
చీజ్ కారుతున్న ఓట్‌కేక్ తింటున్నాడు
(అది నా కళ్లకి ఎప్పుడూ మాడబోయి ఆగిన రాగి దోసె).
క్షమాపణ కంఠతా పట్టి వెళ్లాను.
సగంలోనే “ఎప్పటి మాటో కదా డక్” అనేశాడు.
చెవులు మళ్లీ కందాయి.
నాన్నమ్మ అంతకు ముందు ఏడాదే పోయిందట.
తిరిగి రమ్మన్నాను. జీతం ఇక్కడే బావుందన్నాడు.
ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కి చూపించాడు,
అంగుళం సందులో పెట్టె మీద పెట్టె,
చప్పుడు లేకుండా దించాడు.
అలాంటి చేతిని మేం పోగొట్టుకున్నాం.
మేం ఏమిటి, నేను.

ఇప్పుడు శుక్రవారం బల్ల లేదు.
నేనే స్టూలు లాక్కుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్తాను.
“ఇది ఎవరి చేతికి?” అని మొదలుపెడతాను.
కొన్నిసార్లు గంట పోతుంది, లెక్కలవాళ్లు గొణుగుతారు.
మారిపోయానని మాత్రం చెప్పను.
మొన్న బుధవారమే, రుఖయ్య చేసిన పాలకూజా చూడగానే
నాలుక చివరికి వచ్చిందొక మాట,
మంచి మాటే, గదంతా నవ్వేది.
బెరిల్ లాగా ఊపిరి బిగబట్టాను.
అయినా కళ్లలో కనబడే ఉంటుంది,
పిల్ల కూజాని కాస్త తనవైపుకి లాక్కుంది.

స్టూలు ముందుకి జరిపాను.
“చెప్పు డక్,” అన్నాను.